కొంగలంక: లోపల ఉన్న మనుషులు

కొంగలంకలో మనుషులు ఎక్కువైపోయారని మొదట కనిపెట్టినవారు చక్రధర ప్రసాద్ గారు. అంతవరకు ఆ ఊళ్ళో ఎనిమిదివందల యాభైఏడుమంది బతుకుతున్నారు గానీ, తాము ఎక్కువైన సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

గోదారి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేలోగా మధ్యలో మిగిలిన నేల కొంగలంక. వంతెన లేదు. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచిన పంటు ఒక్కటే దారి. పూర్వం ఆ పంటు మీద కొబ్బరికాయలు, గేదెలు, పెళ్ళివారు దాటేవారు. రెండేళ్ళ కిందట ఎవరో పుణ్యాత్ముడు దారి తప్పి వచ్చి, పొద్దున్నే మంచులో కొబ్బరితోట మీంచి కొంగల గుంపు లేవడం ఫోనులో తీసి లోకానికి చూపించాడు. మర్నాటినుంచి లోకం పంటెక్కి వచ్చెయ్యడం మొదలుపెట్టింది.

గెడ్డం మంగాయమ్మకి ఆ రావడం మొదట్లో ముచ్చటగానే ఉండేది. నలుగురూ వస్తే ఊరు బాగుపడుతుందని అందరూ అంటే ఆవిడా అంది. ఆవిడ భర్త సూరిబాబు చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే మనిషి. ఒక్కగానొక్క కూతురు సత్యవేణికి కిందటేడే పెళ్ళిచేసి, అవతలి గట్టున రెండూళ్ళ అవతల ఉన్న అత్తారింటికి పంపారు. ఇక ఊరు బాగుపడటం చూస్తూ కూర్చోవడమే తరువాయి అనుకున్నారు.

ఊరు బాగుపడసాగింది. సొంత చెట్టున్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు బొండం తాగడం మానేశారు. చేప రేవులో దిగకుండానే కొత్తగా లేచిన రిసార్టుల వంటిళ్ళలోకి ఎగిరిపోయేది. అద్దెకున్నవాళ్ళచేత సందర్శకుల కోసం ఇళ్ళు ఖాళీ చేయిస్తే వాళ్ళు పశువుల పాకల్లోకి మారారు. నెల తిరక్కుండా ఆ పాకలకి ‘అచ్చమైన పల్లె బస’ అని పేరొచ్చి ఇళ్ళకంటే అద్దె పెరిగింది. దాంతో వాళ్ళు మళ్ళీ ఇళ్ళలోకే వచ్చారు, గేదెలు మాత్రం గట్టుమీద పడ్డాయి. ఈత కొలనుల కోసం రిసార్టువాళ్ళు లోతు బోర్లు దింపాక, చుట్టూ గోదారి ఉన్న ఊళ్ళో బోరింగు నీళ్ళు ఉప్పగా మారాయి. పక్కింటి గేదె పాలు మంగాయమ్మకి వాడిక. ఇప్పుడు ఆ గేదెకి పొద్దున్నే ‘పాలు పితికే అనుభవం’ అని ఒక కార్యక్రమం పెట్టారు. మనిషికి నాలుగు ధారల చొప్పున నలభైమంది చేతులు పడేసరికి గేదె విసుగెత్తి చేపడం మానేసింది. మంగాయమ్మ పాలపొడి కొనుక్కోవడం నేర్చుకుంది.

ఇదంతా చూసుకోడానికి పైనుంచి పర్యాటక పరవశ మండలి అని ఒక ఆఫీసు దిగింది. దానికి ప్రత్యేకాధికారి చక్రధర ప్రసాద్ గారు. తెల్లచొక్కా, మెడలో గుర్తింపు కార్డు, నోట్లో ఎప్పుడూ నాలుగైదు సమాసాలు. ఆయన వచ్చీ రాగానే చేసిన మొదటి పని రేవులో తాడుకి కట్టి ఒక ఫిర్యాదుల పుస్తకం వేలాడదీయడం. సందర్శకుడు ఏ లోపం రాసినా మండలి జవాబు చెప్పి తీరాలి. ఆ లోపం తీరేవరకు ఆ సందర్శకుణ్ణి ఊళ్ళోంచి పంపరాదు, ఉచితంగా ఉంచుకోవాలి. అదీ నిబంధన. ఒకాయన కోళ్ళు తెల్లారకముందే కూస్తున్నాయని రాశాడు. ఊళ్ళో పుంజులన్నిట్నీ పట్టి పంటెక్కించి అవతలకి దాటించడానికి పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులూ ఆయన ఉచితంగా చేపల పులుసు తిన్నాడు. ఆ తర్వాతొచ్చిన ఇంకొకాయన ఇదేం పల్లెటూరు, కోడికూతే లేదని రాశాడు. అందుకని తొమ్మిది గంటలకి, అంటే సందర్శకులు లేచే వేళకి, మైకులో కోడికూత వేస్తున్నారు.

ఇలా ఉండగా మండలివారు ఈ ఊరు ఎంతమందిని భరించగలదో తేల్చమని నిపుణుల సంఘాన్ని పిలిపించారు. సంఘం మూడు రోజులు రిసార్టు ఏసీ గదిలోంచి ఊరిని నిశితంగా గమనించి, తొమ్మిదివందలు అని తేల్చింది. రేవులో పెద్ద బోర్డు పెట్టారు. ‘కొంగలంక గ్రామం. భరించగల మనుషులు: 900. లోపల ఉన్న మనుషులు:’ అని రంగుతో రాసి, ఆ పక్కన సుద్దతో అంకె వేసుకోడానికి నల్లగా వదిలారు. ఆ అంకె వేసే ఉద్యోగం అబ్బులుకి ఇచ్చారు. అబ్బులు పాతికేళ్ళు అదే రేవులో నావ గెడ వేసినవాడు, ఊళ్ళో పుట్టిన ప్రతివాణ్ణీ దాటించినవాడు. ఇప్పుడు నీలం చొక్కా వేసి స్టూలు మీద కూర్చోబెట్టారు.

మొదటి రోజు అబ్బులు ఊరివాళ్ళనందర్నీ లెక్కపెట్టి ఎనిమిదివందల యాభైఏడు అని వేశాడు. అంటే ఇంకా నలభైముగ్గురు సందర్శకులే పడతారు. రేవు అవతల రెండువేలమంది కార్లలో కూర్చుని హారన్లు కొడుతున్నారు. ఆ సాయంత్రమే చక్రధర ప్రసాద్ గారు బళ్ళో సభ పెట్టారు.

“సోదర సోదరీమణులారా, గ్రామాభివృద్ధికి ప్రధాన అవరోధం ఏమిటన్నది శాస్త్రీయంగా తేలింది. ఆ అవరోధం మీరు. ఇందులో ఎవరినీ నిందించడం మండలి ఉద్దేశం కాదు. మీరు పూర్వం నుంచీ ఇక్కడ ఉండిపోవడం వల్ల ఏర్పడిన పరిస్థితి ఇది,” అన్నారు.

శనాదివారాల్లో ఊరంతా అవతలి గట్టుకి వెళ్ళి, సోమవారం తిరిగి రావలసిందిగా ఆయన సూచన. మంగాయమ్మకి ఎవరితోనైనా మాట్లాడ్డానికి మొహమాటం లేదు. లేచి, అందరం వెళ్ళిపోతే వచ్చినవాళ్ళు ఏం చూస్తారని అడిగింది. కొబ్బరిచెట్లూ కొంగలూ లెక్కలోకి రావు గదా, వాటిలాగే మమ్మల్నీ వదిలెయ్యకూడదా అని అమాయకంగా అంది. ఆ మాట అన్నందుకు ఆవిడ తర్వాత చాలాసార్లు తన నోరు తనే తిట్టుకుంది.

చక్రధర ప్రసాద్ గారు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చెట్లు, పక్షులు, పశువులవలె పల్లె జీవనాన్ని ప్రదర్శించు వ్యక్తులు సైతం ‘సజీవ దృశ్యం’గా పరిగణించబడుదురు. దృశ్యం మనిషి కాదు గనక బోర్డు మీద లెక్కకు రాదు. కావలసినవారు దరఖాస్తు చేసుకోవచ్చును. దృశ్యం కానివారు శనాదివారాల్లో అవతలకు పోవలెను.

ఎవరిల్లు వాళ్ళు వదిలి గట్టుమీద పడుకోలేరు గదా. ఊరంతా దృశ్యానికి దరఖాస్తు పెట్టుకుంది. అందులో ‘దృశ్యము యొక్క వివరము’, ‘దృశ్యము పనిచేయు వేళలు’, ‘ఏ దిక్కునుండి చూచిన బాగుండును’ అని గడులున్నాయి. సూరిబాబుకి ‘చెట్టెక్కు దృశ్యం’ వచ్చింది. రోజుకి పన్నెండుసార్లు అదే చెట్టెక్కి దిగాలి. రెండో రోజుకే చెట్టు బోడిదైపోతే, మండలివాళ్ళు మార్కెట్లో కాయలు కొనుక్కొచ్చి తీగెతో కట్టారు. వాటిని ఆయన దింపేవాడు, మళ్ళీ కట్టేవారు. మంగాయమ్మది ‘ముగ్గు మరియు రుబ్బురోలు’. తెల్లవారుజామున వేసే ముగ్గు ఎవరు చూస్తారని పదింటికి వెయ్యమన్నారు. పదకొండుకి చెరిపేసి, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ వెయ్యాలి. రోట్లో పప్పు పొద్దుట వేసింది సాయంత్రందాకా తిప్పుతూ ఉండాలి. తినడానికి మాత్రం గోనెసంచి కింద దాచిన మిక్సీలో రుబ్బుకునేది. దృశ్యాలు ఫోను వాడరాదు, ప్లాస్టిక్కు బిందె పట్టరాదు, పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం అయిదువరకు తమ చోటు విడిచి కదలరాదు.

నెల తిరిగేసరికి కొంగలంకలో ఎనిమిదివందల యాభైఏడుమందీ దృశ్యాలైపోయారు. వారం మధ్యలో సందర్శకులు లేనప్పుడు అబ్బులు బోర్డు మీద సున్నా వేసేవాడు. ఆ సున్నా పై ఆఫీసులకి వెళ్ళింది. జన సమ్మర్దం లేని ఆదర్శ గ్రామమని ఊరికి అవార్డు వచ్చింది. అవార్డు వచ్చిన మూడో రోజున, చదువుకునే జనాభా లేనందున బడి ఎత్తేశారు. పిల్లలు మాత్రం ‘బడికి పోవు బాలలు’ అనే దృశ్యం కింద పలకలు పట్టుకుని గట్టుమీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. సేవలు పొందు జనాభా లేనందున నర్సమ్మనీ బదిలీ చేశారు. మందుల గదికి తాళం పడింది.

ఆ తాళం చూసినప్పుడే మంగాయమ్మకి మొదటిసారి భయం వేసింది. ఎందుకంటే సత్యవేణికి ఏడో నెల వచ్చింది. తొలిచూలు కాన్పు పుట్టింట్లో జరగాలి. మంగాయమ్మని వాళ్ళమ్మ అలాగే తెచ్చుకుంది. సత్యవేణి ఆ ఇంట్లోనే ఆ నులకమంచం మీదే పుట్టింది. ఇప్పుడు కాన్పులకి ఆస్పత్రికే వెళ్తున్నారు, కాదనలేదు. కానీ కాన్పుకి ముందు రెండు నెలలు, తర్వాత బిడ్డకి అయిదో నెల వచ్చేవరకు, కూతురు తన ఇంట్లో తన చేతి పథ్యం తినాలి. అది తప్ప ఆవిడకి ఈ లోకంలో ఇంకో కోరిక లేదు.

సీమంతం అయ్యాక మంగాయమ్మా సూరిబాబూ వెళ్ళి కూతుర్ని తీసుకొచ్చారు. చేతినిండా గాజులతో, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని సత్యవేణి పంటు దిగింది. అబ్బులు స్టూలు మీంచి లేచి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పిల్ల అవతలి గట్టున హైస్కూలుకి వెళ్ళినన్నాళ్ళూ వర్షాకాలంలో పట్టుకుని నావెక్కించింది ఆ చెయ్యే.

“ఎవరు తవరు? నివాసా, సందర్శకులా, దృశ్యవా?” అన్నాడు, ఎటో చూస్తూ.

“ఏరా అబ్బులూ, కళ్ళు పోయాయా? మన వేణి రా,” అంది మంగాయమ్మ.

“నాకు తెలుసక్కా. బోర్డుకి తెలీదు గదా,” అన్నాడు అబ్బులు. వాడి గొంతులో సిగ్గు ఉంది. పెళ్ళయ్యాక పేరు అత్తారింటి ఊరికి మారింది గనక ఆ పిల్ల నివాసి కాదట. దరఖాస్తు లేదు గనక దృశ్యమూ కాదు. ఇక సందర్శకురాలే. సందర్శకులకి టిక్కెట్టు మీద రెండు రాత్రులు. మూడో రోజు పొద్దున్నే పంపెయ్యాలి.

ఆ రెండు రాత్రుల టిక్కెట్టు కొని కూతుర్ని ఇంట్లో దింపి, మర్నాడు మంగాయమ్మ మండలి ఆఫీసుకి వెళ్ళింది. చక్రధర ప్రసాద్ గారు కుర్చీ చూపించారు.

“మా అమ్మాయి ఊరు సూడ్డానికి రాలేదండి. పురుటికొచ్చింది,” అంది ఆవిడ.

“అమ్మా, రాక యొక్క ఉద్దేశం మాకు ముఖ్యం కాదు. రాక మాత్రమే ముఖ్యం. తమరు మమకార కోణంలో ఆలోచిస్తున్నారు, మేము విధాన కోణంలో పరిశీలిస్తున్నాము,” అన్నారాయన. ఆ తర్వాత, ఈ పుట్టింటి పురుడు అన్నది పూర్వాచారమేనా, ఎన్నాళ్ళనుంచి ఉంది, చూడ్డానికి బాగుంటుందా అని అడిగి కాగితం మీద రాసుకున్నారు. రాసుకుంటుంటే ఆయన కళ్ళు మెరిశాయి.

ఉత్తర్వు మూడో రోజు పొద్దున్నే, అంటే సత్యవేణిని పంపెయ్యాల్సిన వేళకే వచ్చింది. కూతురు ఉండవచ్చును. ‘పుట్టింట తొలిచూలు’ అను సజీవ దృశ్యంగా ఆమె నమోదు అయినది. వేళలు తొమ్మిదినుంచి అయిదు. అరుగుమీద కూర్చుని గాజులు కదుపుతూ, గంటకోసారి చింతకాయ కొరకవలెను. ఆషాఢంలో జరగబోవు తొలకరి వేడుకల ముగింపు రోజైన ఆదివారం పదకొండు గంటలకు ప్రసవవార్త ప్రకటించబడును.

ఆదివారం అని ఎలా చెప్తారు, డాక్టరమ్మ బుధవారం ప్రాంతాల అంది అని సూరిబాబు గొణిగాడు. బుధవారం సందర్శకుల తాకిడి ఉండదనీ, డాక్టరమ్మతో సమన్వయం చేసుకోవలసిందనీ జవాబు వచ్చింది. సూరిబాబు వెళ్ళి చెట్టెక్కాడు. అది లెక్కలో లేని పదమూడోసారి.

రెండు నెలలు అలా గడిచాయి. సత్యవేణి అరుగుమీద కూర్చుంటే జనం వరసకట్టి ఫొటోలు తీసుకునేవారు. చింతకాయ కొరికినప్పుడల్లా చప్పట్లు కొట్టేవారు. పళ్ళు పులిసిపోయి ఆ పిల్ల అన్నం నమల్లేకపోయేది. సాయంత్రం అయిదు దాటాక మంగాయమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తూ, దృశ్యం కాని ఆ కాసేపే తనకి దక్కిన పుట్టిల్లు అనుకునేది.

వేడుకల్లో శనివారం వచ్చింది. అబ్బులు బోర్డు మీద తొమ్మిదివందలు నిండాయి. పదింటికి మంగాయమ్మ మూడో చుక్కల వరస పెడుతుండగా అరుగు మీంచి సత్యవేణి “అమ్మా” అంది. ఆ పిలుపు వేరుగా ఉంది. చూస్తున్న జనం అది కార్యక్రమంలో భాగమనుకుని ఫోనులు పైకెత్తారు.

నర్సమ్మ లేదు. మందుల గదికి తాళం. ఆస్పత్రి అవతలి గట్టున. తల్లి ఒక రెక్కా తండ్రి ఒక రెక్కా పట్టుకుని ఆ పిల్లని రేవుకి నడిపించుకొచ్చారు. పంటు మీద అప్పటికే అవతలి గట్టు హోటల్లో భోజనానికి వెళ్ళే జట్టు ఒకటి కుర్చీలు వేసుకుని కూర్చుంది. అబ్బులు మండలి ఆఫీసుకి ఫోను కలిపాడు. దృశ్యాలు సాయంత్రం అయిదింటిలోపు రేవు దాటడానికి లేదు. దాటిస్తే వాడి నీలం చొక్కా ఊడిపోతుంది. ఫోనులో చక్రధర ప్రసాద్ గారు ప్రకటన రేపటికి గదా, ఇవాళ నొప్పులు రావడం కార్యక్రమానికి విరుద్ధమని అంటున్నారు.

మంగాయమ్మకి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే బోర్డు వంక చూసింది. కళ్ళు తుడుచుకుని అబ్బులు చేతిలోంచి ఫోను లాక్కుంది.

“అయ్యా, ఊళ్ళో ఇప్పుడు తొమ్మిదొందల మంది ఉన్నారండి. నా మనవడో మనవరాలో ఇంకో గంటలో ఈ రేవులోనే భూమ్మీద పడతారు. ఆ బిడ్డ నివాసి కాదు, దరకాస్తు పెట్టలేదు గాబట్టి దృశ్యవూ కాదు. మరి తొమ్మిదొందల ఒకటి అవుద్దండి. ఆయ్,” అంది.

తొమ్మిదివందలు దాటితే రేవు మూసేసి వేడుకలు రద్దు చెయ్యాలి. అది చక్రధర ప్రసాద్ గారు స్వయంగా రాసిన నిబంధన. దృశ్యానికి పుట్టిన బిడ్డ దృశ్యం కాదా అని నీరసంగా అడిగి, మళ్ళీ ఆయనే, దృశ్యత్వం దరఖాస్తు వల్ల కలుగును గాని జన్మ వల్ల కలుగదు అని చెప్పుకున్నారు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, రాబోవు అధిక సందర్శకుణ్ణి ఆవిర్భావానికి ముందే, ప్రస్తుతం ఏ రూపంలో ఉన్నాడో ఆ రూపంలోనే, తక్షణం గ్రామ పరిధి దాటించవలసిందని ఆదేశించారు.

అబ్బులు ఆదేశం పూర్తిగా వినలేదు. భోజనాల జట్టుని కుర్చీలతో సహా దింపేశాడు. పంటు నడిపే సరంగుని పక్కకి తోసి, పాతికేళ్ళనాటి గెడ తీసుకుని తనే పంటు ముందు నిలబడ్డాడు. అవతలి గట్టు చేరేవరకు వాడు ఎవర్నీ ఏ టిక్కెట్టూ అడగలేదు.

ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. కుట్లు విప్పి పంపేసరికి పదో రోజు. ఈలోగా గోదారికి ఎర్రనీరు తగిలింది. పాయలు పొంగుతుంటే సందర్శకులందరూ బుకింగులు రద్దు చేసుకుని వెళ్ళిపోయారు. చక్రధర ప్రసాద్ గారు వరదలేని జిల్లా కేంద్రం నుంచి పరిస్థితిని సమీక్షిస్తున్నారు. రిసార్టులు తలుపులు వేసుకున్నాయి. మంగాయమ్మ మనవరాల్ని గుడ్డల్లో చుట్టుకుని పంటు దిగేసరికి బోర్డు మీద సున్నా ఉంది.

అబ్బులు ఉద్యోగం పోలేదు. వరదలో ఆ పనికి ఇంకెవరూ రాలేదు. వాడు బిడ్డని చూసి, బోర్డు చూసి, తల గోక్కున్నాడు. మిగతా ముగ్గురూ దృశ్యాలే, పేచీ లేదు. పాపకి దరఖాస్తు పెడదామా అంటే దృశ్యాల దరఖాస్తులు మళ్ళీ ఏప్రిల్లోనే తీసుకుంటారు. పైగా గడిలో ఏం చేస్తుందని రాయాలి? ఏడుస్తుంది. ఏడుపు పూర్వాచారాల జాబితాలో లేదు.

“సందర్శకురాలే అక్కా. రెండు రాత్రులు,” అన్నాడు. టిక్కెట్టు చింపి పాప గుప్పిట్లో పెట్టాడు. ఆ తర్వాత సుద్దముక్క తీసుకుని సున్నా చెరిపి, లోపల ఉన్న మనుషులు: 1 అని వేశాడు.

ఆ మాట ఊళ్ళో పాకిపోయింది. ఊళ్ళో ఒక మనిషి ఉందట. సాయంత్రానికి దృశ్యాలన్నీ మంగాయమ్మ ఇంటికి వచ్చాయి. పలకల పిల్లలు వచ్చారు, గేదె యజమాని వచ్చాడు, వలలు పట్టుకుని అయిదింటిదాకా నిలబడే దృశ్యం వచ్చింది. అందరూ వరసకట్టి, ఆ మనిషిని ఒకసారి చూసి, ముక్కు ఎవరిదీ చెవులు ఎవరివీ అనుకుంటూ వెళ్ళారు. ఏడాదిగా చూపులకి అలవాటుపడిన ఆ ఊరు చాలాకాలానికి తను ఒకర్ని చూసింది.

అందరూ వెళ్ళాక మంగాయమ్మ ఉయ్యాల పక్కన కూలబడింది. ఎల్లుండి పొద్దున్నే ఈ పసికందుని పంటెక్కించాలి. పాప వెళ్తే తల్లీ వెళ్తుంది. అయిదో నెలదాకా అనుకున్నది రెండు రాత్రులైపోయింది. ఆవిడకి దుఃఖం ఆగలేదు. సత్యవేణి తల్లి చెయ్యి పట్టుకుని, ఊరికే ఏడవకు, ఇన్నాళ్ళూ మన మాట ఎవరూ వినకపోవడానికి మనం మనుషులం కాకపోవడమే గదా కారణం అంది.

ఆ మాటకి మంగాయమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. లేచి చెంగు బిగించి రేవుకి వెళ్ళింది. తాడు విప్పి ఫిర్యాదుల పుస్తకం ఇంటికి తెచ్చింది.

సత్యవేణి పాప తరఫున రాసింది. సందర్శకురాలినగు నాకు ఈ గ్రామమున తాగుటకు మంచినీరు లేదు, బోరింగు ఉప్పగా ఉన్నది. గేదె ఉన్నది గాని పాలు లేవు. సూది మందు వేయుటకు నర్సమ్మ లేదు. నేను పెరిగి పెద్దయిన పిదప చదువుటకు బడి లేదు. అక్కడితో ఆగి ఇంకేమైనా ఉందా అని అడిగింది. మంగాయమ్మ వాకిట్లోకి చూసింది. మొగుడు అలవాటు తప్పక తీగెతో కట్టిన కాయలకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

“ఇంకొకటి రాయి. ఊరు సూడ్డానికొచ్చాను. ఇక్కడ ఉండాల్సిన ఊరు కనబట్టం లేదు. ఎక్కడ పెట్టారో చెప్పాలి అని రాయి,” అంది.

సంతకం గడిలో పాప అరికాలికి కాటుక పూసి ముద్ర వేశారు. బఠాణీ గింజల్లా అయిదు వేళ్ళూ స్పష్టంగా పడ్డాయి.

మర్నాడు అబ్బులు ఆ పేజీని ఫోనులో తీసి పైకి పంపాడు. సందర్శకుల ఫిర్యాదు గనక మండలి జవాబు చెప్పి తీరాలి. రెండో రాత్రి టిక్కెట్టు అయిపోయే పొద్దుటికి ముద్ర వేసిన కాగితం వచ్చింది. అబ్బులే ఇంటికి తెచ్చి, ఉయ్యాల ముందు నిలబడి, టోపీ తీసి చదివాడు.

“గౌరవనీయ సందర్శకురాలికి. తమరు ఎత్తిచూపిన లోపములు మండలి దృష్టికి వచ్చినవి. నీరు, పాలు, నర్సు, బడి విషయములు ఆయా శాఖల పరిశీలనలో ఉన్నవి. అయిదవ అంశమగు ఊరు ఆచూకీ నిమిత్తం ఒక ఉపసంఘాన్ని వేయడమైనది. ఊరు దొరికి, లోపం తీరేవరకు, నిబంధనల ప్రకారం తమరు ఇక్కడే ఉండవలసిందిగా కోరుచున్నాము.”

ఉపసంఘం అంటే ఎన్నాళ్ళు పడుతుందని సూరిబాబు అడిగాడు. పుంజుల్ని పట్టడానికే పదకొండు రోజులు పట్టింది గదా బావా, ఇది ఊరు గదా, పాప పెళ్ళికి కూడా తేలకపోవచ్చు అన్నాడు అబ్బులు. సత్యవేణి పుట్టింటికి వచ్చాక మొదటిసారి పొట్ట పట్టుకుని నవ్వింది. కుట్లు నొప్పెడుతున్నాయని మళ్ళీ వెంటనే ఆపేసింది.

మర్నాడు మంగాయమ్మ చీకటి విడకముందే లేచింది. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసింది. ఏడాదిలో ఆ వేళకి ముగ్గు వెయ్యడం అదే మొదలు. పదకొండింటికి ఎవరూ చెరపలేదు. ఆ రోజల్లా ముగ్గు అలాగే ఉంది. దాన్ని చూడ్డానికి ఊళ్ళో ఉన్న ఒక్క మనిషీ ఉయ్యాల్లో నిద్రపోతోంది.